సాహిత్య సందేహాలు: గేటు తాళం ఎవరి దగ్గరుంది?

ప్రసిద్ధ గ్రంథాల్లో కనిపించే కోటగుమ్మాలు, గేట్లు, గడపల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈ సంచికలో ఒకచోట చేర్చాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఎం.ఏ. ప్రాజెక్టుకు "క్లాసిక్ సాహిత్యంలో ద్వారం ఒక ప్రతీక" అన్న అంశం తీసుకున్నాను. ఇరవై పుస్తకాల్లోంచి ఉదాహరణలు పోగుచేశాను. తీరా రాస్తే ప్రతి పేరాలోనూ "ఇక్కడ ద్వారం మార్పుకు సంకేతం" అనే తేలుతోంది. గైడ్ తిప్పి పంపేశారు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఇరవైలో పద్దెనిమిది పుస్తకాలు పక్కన పెట్టండి. "మార్పుకు సంకేతం" అన్నది తప్పు కాదు. కాకపోతే ఏ ద్వారానికైనా అతికే మాట కాబట్టి దేని గురించీ ఏమీ చెప్పదు. ప్రతీక సంగతి తర్వాత, గేటును ముందు గేటుగా చూడండి. గడియ లోపలి వైపు ఉందా, బయట ఉందా? తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? కాపలా ఎవరు, వాళ్ళకు ఆ అధికారం ఎవరిచ్చారు? అది కాక వేరే దారి ఉందా? లోపలికి వెళ్ళాలంటే ఏమైనా వదిలిపెట్టాలా? అదే గేటు మళ్ళీ కనిపించినప్పుడు ఏం మారింది?

ఎమిలీ బ్రాంటీ 'వుదరింగ్ హైట్స్' (1847)ను ఈ ప్రశ్నలతో చదివి చూడండి. మొదటి అధ్యాయంలో, కొత్తగా అద్దెకు దిగిన లాక్‌వుడ్ యజమానిని పలకరించడానికి గుర్రం మీద వస్తాడు. హీత్‌క్లిఫ్ గేటు మీదికి వాలి నిలబడి, పళ్ళు బిగించి "లోపలికి రండి" అంటాడు గానీ గేటు మాత్రం కదలదు. గుర్రం రొమ్ముతో నెట్టడం మొదలుపెట్టాక చెయ్యి చాపి గొలుసు తీస్తాడు. రెండో అధ్యాయంలో, మంచు మొదలయ్యే వేళకు లాక్‌వుడ్ మళ్ళీ వస్తాడు. గొలుసు ఊడిరాదు. గేటు దూకి, కణుపులు మంటెత్తేదాకా ఇంటి తలుపు బాదుతాడు. 31వ అధ్యాయంలో ఇంటి తలుపు తెరిచే ఉంటుంది, గేటు మాత్రం బిగించి ఉంటుంది. తోటలో ఉన్న ఆ ఇంటి కుర్రాడు హేర్టన్ వచ్చి గొలుసు తీస్తాడు. 32వ అధ్యాయంలో, కొన్ని నెలల తర్వాత, దూకే పని లేదు, తట్టే పని లేదు. చెయ్యి వేయగానే తెరుచుకుంటుంది. "ఫరవాలేదే, కాస్త మెరుగుపడింది" అనుకుంటాడు. హీత్‌క్లిఫ్ చనిపోయిన సంగతి అతనికీ తెలియదు, పాఠకుడికీ తెలియదు. ఆ కబురు ముందుగా అందించేది గేటే. ఇంట్లో అధికారం చేతులు మారిన వైనమంతా ఒక గొలుసు మీద నడిచింది. "మార్పుకు సంకేతం" అని రాసేస్తే ఈ నాలుగు మెట్లూ కనబడకుండా పోతాయి.

పని ఇలా చెయ్యండి. రెండు పుస్తకాల్లోనూ గేటు, తలుపు, గడియ, గొలుసు, తాళంచెవి వచ్చిన ప్రతి వాక్యాన్నీ అధ్యాయం సంఖ్యతో కాగితం మీద ఎక్కించండి. ఎదురుగా నాలుగు గడులు గీయండి: అప్పుడు అది మూసి ఉందా, తెరిచి ఉందా, ఎవరి చెయ్యి పడింది, ఎవరు ఎటు నుంచి ఎటు వెళ్ళారు, గత సన్నివేశానికీ దీనికీ తేడా ఏమిటి. నాలుగో గడి ఖాళీగా మిగిలిన ద్వారాలను దయాదాక్షిణ్యాలు లేకుండా కొట్టేయండి. ఇల్లన్నాక గుమ్మం ఉంటుంది, అంతే. మిగిలినవాటి మీద వ్యాసం రాయండి. ఒక హెచ్చరిక: ఫోన్‌లో పుస్తకం తెరిచి 'గేట్' అన్న ఒక్క మాట వెతికితే సగం జారిపోతాయి. పైన చెప్పిన గుర్రం వాక్యంలోనే బ్రాంటీ 'బ్యారియర్' అని రాసింది.

ప్రశ్న: గేటు ఉండగా గోడ దూకినవాళ్ళంతా సాహిత్యంలో దుర్మార్గులేనా? హనుమంతుడు కూడా లంక ప్రాకారం దూకాడు కదా!

జవాబు: చక్కటి ప్రశ్న. పాశ్చాత్య సంప్రదాయంలో చాలామటుకు దుర్మార్గులే. యోహాను సువార్త పదో అధ్యాయమే ద్వారాన రాకుండా వేరే దారిన ఎక్కి వచ్చేవాణ్ణి దొంగ అంటుంది. మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్' (1667) నాలుగో భాగంలో స్వర్గవనానికి తూర్పున ఒకే ఒక గేటు ఉంది. సైతాను దాన్ని చూసి కూడా, సక్రమంగా వెళ్ళడం తన స్థాయికి తక్కువన్నట్టు ఒక్క గెంతులో గోడ దాటేస్తాడు. మిల్టన్ వెంటనే అతన్ని మందలో దూకిన తోడేలుతో, ఇంట్లో దూరిన దొంగతో పోలుస్తాడు. బన్యన్ 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' (1678)లో ఆచారపరుడు, కపటి అని ఇద్దరు గోడ మీంచి దొర్లుకుంటూ స్వర్గానికి పోయే దారిలోకి వస్తారు. గేటు చుట్టుదారి అనీ, తమ ఊళ్ళో వెయ్యేళ్ళకు పైగా ఇదే అలవాటనీ వాళ్ళ వాదన. దారిలో ఎలాగూ ఉన్నాం, ఎలా వచ్చామన్నది ఎందుకంటారు. మొదటి కొండ దగ్గరే ఇద్దరూ పక్కదారులు పట్టి పోతారు.

మన ఇతిహాసాల లెక్క వేరు. మహాభారతం సభాపర్వంలో కృష్ణుడు, భీముడు, అర్జునుడు స్నాతకుల వేషంలో మగధకు వెళ్ళినప్పుడు నగర ద్వారాన పోరు. చైత్యక శిఖరాన్ని పడగొట్టి అటు నుంచి ప్రవేశిస్తారు. ఇదేం పద్ధతని జరాసంధుడు నిలదీస్తే కృష్ణుడి జవాబు సూటిగా ఉంటుంది: శత్రువు ఇంటికి అద్వారంగా (ద్వారం కాని దారిన), మిత్రుడి ఇంటికి ద్వారాన వెళ్ళడం సత్పురుషుల పద్ధతి, అందుకే మీ ద్వారం విడిచిపెట్టాం. అంటే ద్వారాన వెళ్ళడమే ఒక ఒప్పందం. వెళ్ళకపోవడం యుద్ధ ప్రకటన.

ఇప్పుడు సుందరకాండ మూడు, నాలుగు సర్గలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. మూడో సర్గలో లంకాధిదేవత అడ్డుపడితే హనుమంతుడు ఎడమ పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. ఆమె ఓటమి ఒప్పుకుని, బ్రహ్మ చెప్పిన మాట గుర్తు చేసుకుని, లోపలికి వెళ్ళమంటుంది. అనుమతి దొరికింది, అడ్డేమీ లేదు. అయినా నాలుగో సర్గ మొదట్లోనే ఆయన 'అద్వారేణ' ప్రాకారం దూకుతాడు, ఎడమ పాదం ముందు మోపుతాడు. అది శత్రువుల తల మీద పెట్టిన పాదమని వాల్మీకి చెప్పనే చెప్పాడు. కాబట్టి అది దొంగచాటు కాదు. రావణుడికి అతిథిగా రాలేదని కాలితో రాసిన సంతకం.

మూడో రకం జేన్ ఆస్టిన్ 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' (1814)లో ఉంది. పదో అధ్యాయంలో ఇనుపగేటు తాళం వేసి ఉంటుంది. మరియాను పెళ్ళాడబోయే రష్‌వర్త్ తాళంచెవి మరిచిపోయి, తేవడానికి వెనక్కి పరుగెడతాడు. ఈలోగా హెన్రీ క్రాఫర్డ్ గేటు అంచు పట్టుకుని చుట్టూ తిరిగి అవతలికి రావచ్చని ఆమెకు సలహా ఇస్తాడు. ముళ్ళు గుచ్చుకుంటాయి, గౌను చిరుగుతుంది, గోతిలో జారిపడతావు అని నవలా నాయిక ఫ్యానీ చెబుతూనే ఉంటుంది. మరియా వెళ్ళిపోతుంది. తర్వాత రష్‌వర్త్ తాళంచెవి పట్టుకుని చెమటలు కక్కుతూ వస్తాడు. నవల చివర్లో మరియా పెళ్ళయ్యాక హెన్రీతో లేచిపోతుంది. జాగ్రత్తగా చూస్తే ఈ గేటును ఎవరూ బద్దలు కొట్టలేదు, పైనుంచి దూకలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. పరువు కూడా అలాగే, పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తూనే పోతుంది.

ప్రశ్న: డాంటే నరక ద్వారం అనగానే "ఇక్కడికి వచ్చేవాళ్ళు ఆశలన్నీ వదులుకోండి" అన్న వాక్యమే అందరూ చెబుతారు. అంతకు మించి అక్కడ చూడవలసిందేముంది?

జవాబు: ఆ వాక్యం తొమ్మిది పంక్తుల శాసనంలో చివరిది. 'ఇన్‌ఫెర్నో' మూడో సర్గ ఆ శాసనంతోనే మొదలవుతుంది. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకుండానే ద్వారం ఉత్తమ పురుషలో "నా గుండా..." అని మూడుసార్లు పలుకుతుంది. ఇవి గేటు మీది అక్షరాలని మనకు పదకొండో పంక్తిలో గానీ తెలియదు. కావ్యం ఇక్కడ మొదలవుతుందనుకోవడం పొరపాటు. మొదటి సర్గ చీకటి అడవిలో మొదలవుతుంది.

అసలు విశేషం ఆ ద్వారానికి గడియ లేకపోవడం. ఎనిమిదో సర్గలో, డాంటేకు దారి చూపే రోమన్ కవి వర్జిల్ ఆ మాట చెబుతాడు: క్రీస్తు దిగివచ్చినప్పుడు విరిగిన గడియ నేటికీ లేదు. కాపలావాడు కూడా లేడు. ఐదో సర్గలో నరకపు తీర్పరి మైనోస్ "వెడల్పు చూసి మోసపోకు" అని హెచ్చరిస్తాడు. నరకంలోకి వెళ్ళడం అంత సులువు. అదే నరకం లోపలున్న డిస్ నగరం దగ్గరికి వచ్చేసరికి, అదే ఎనిమిదో సర్గలో, వెయ్యిమందికి పైగా పతిత దేవదూతలు గేటు మీద నిలబడి వర్జిల్ ముఖం మీదే తలుపులు మూసేస్తారు. విచక్షణకు, విద్యకు ప్రతినిధి అయినవాడు బయట నిలబడిపోతాడు. తొమ్మిదో సర్గలో పైనుంచి వచ్చిన దూత ఒక చిన్న బెత్తం తాకించగానే తలుపు తెరుచుకుంటుంది. అంత పెద్ద కోటకు అంత చిన్న బెత్తం!

వీటికి ఎదురుగా, పాపాలు కడుక్కునే లోకాన్ని వర్ణించే 'పర్గటోరియో' తొమ్మిదో సర్గలోని ద్వారం పెట్టండి. ఇరుకైనది, కాపలా ఉన్నది, మూడు మెట్లున్నది. మొదటి మెట్టు అద్దంలా మెరిసే తెల్ల పాలరాయి. రెండోది మాడిపోయిన రంగులో నిలువునా అడ్డంగా పగుళ్ళిచ్చిన రాయి. మూడోది రక్తంలా ఎర్రటి రాయి. వజ్రపు గడప మీద కత్తి పట్టుకుని దేవదూత కూర్చుని ఉంటాడు. కత్తి మొనతో డాంటే నుదుటి మీద ఏడు పాపాలకు గుర్తుగా ఏడుసార్లు 'పి' అక్షరం గీస్తాడు. బంగారుది, వెండిది, రెండు తాళంచెవులు. వాటిలో ఏది తిరగకపోయినా తలుపు రాదు. తెరిచాక ఒక షరతు: వెనక్కి చూసినవాడు మళ్ళీ బయటికే. తెరిచినప్పుడు పెద్ద కీచుమోత కూడా వస్తుంది. ఎందుకంటే అది ఎక్కువగా తెరుచుకునే తలుపు కాదు.

మిల్టన్ దగ్గర ఈ లెక్క మరో మలుపు తిరుగుతుంది. 'ప్యారడైజ్ లాస్ట్' రెండో భాగంలో నరక ద్వారానికి మూడు ఇత్తడివి, మూడు ఇనుపవి, మూడు వజ్రశిలవి, మొత్తం తొమ్మిది పొరలు. తాళంచెవి 'పాపం' అనే స్త్రీ చేతిలో ఉంటుంది. ఆమె తెరవగలదు, మూయలేదు. ఆ ఒక్క సాంకేతిక లోపం మీదే మిగతా కథంతా నడుస్తుంది.

ప్రశ్న: హోమర్‌లో కలలకు రెండు ద్వారాలున్నాయని విన్నాను. వర్జిల్ తన నాయకుణ్ణి అబద్ధపు కలల ద్వారాన ఎందుకు పంపాడు?

జవాబు: ముందు హోమర్. 'ఒడిస్సీ' 19వ భాగంలో ఒడిస్యూస్ భార్య పెనెలోపీ తన కల చెబుతుంది. ఇంట్లోని ఇరవై బాతులను ఒక గద్ద చంపి, "నేను నీ భర్తను" అంటుంది. చెబుతున్నది బిచ్చగాడి వేషంలో ఉన్న ఆ భర్తకే. కొమ్ముతో చేసిన ద్వారం గుండా వచ్చే కలలు నిజమవుతాయి, ఏనుగు దంతపు ద్వారం గుండా వచ్చేవి మోసం చేస్తాయి, నాది మొదటి దారిన వచ్చిందని అనుకోను అంటుంది. ఆమె గుర్తుపట్టే ఈ మాట అంటోందా, పట్టకనా అన్నది ఇప్పటికీ పండితుల తగువే.

ఇక వర్జిల్. ఆయన కావ్యం 'ఈనియడ్' ఆరో భాగం చివర నాయకుడు ఈనియాస్ పాతాళంలో రోమ్ భవిష్యత్తంతా చూసి, దంతపు ద్వారం గుండా పైకి వస్తాడు. ప్రాచీన వ్యాఖ్యాత సెర్వియస్ మొహమాటం లేకుండా, తాను చెప్పినదంతా కల్పితమని తెలియాలనే కవి అలా పంపాడన్నాడు. కొమ్ము కంటికి, దంతం పంటికి గుర్తులనీ, కంటితో చూసింది నోటితో చెప్పినదానికన్నా నమ్మదగిందనీ కూడా ఆయనే రాశాడు. తర్వాతివాళ్ళు రెండు దారులు పట్టారు. అర్ధరాత్రికి ముందు వచ్చే కలలు నిజం కావని పాతకాలపు నమ్మకం కాబట్టి ఇది వేళ చెప్పే పద్ధతి అంటారు కొందరు. కొమ్ము ద్వారం నిజమైన ఛాయలది (అంటే చనిపోయినవాళ్ళ నీడలది), బతికున్న ఈనియాస్ ఛాయ కాదు కాబట్టి అటు వెళ్ళలేడంటారు మరికొందరు. ఈ చివరిదే మాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అది వర్జిల్ పంక్తుల్లో ఉన్న మాట మీద నిలబడింది. అయితే సెర్వియస్ మాటను పూర్తిగా తోసిపుచ్చడం కష్టం. ఘనమైన భవిష్యత్ దర్శనం అయిన వెంటనే ఆ ద్వారమే ఎంచుకోవడం కాకతాళీయం అనిపించదు.

ప్రశ్న: జయవిజయులు చేసింది కాపలా ఉద్యోగమే కదా. దానికి శాపమా?

జవాబు: భాగవతం మూడో స్కంధం వివరం చూడండి. సనకాదులు ఆరు ద్వారాలు అడ్డంకి లేకుండా దాటారు. ఏడో ద్వారం దగ్గర మాత్రమే ఈ ఇద్దరూ బెత్తాలు అడ్డం పెట్టారు. లోపలున్న ప్రభువు ఎవరిని రమ్మంటాడో తెలుసుకోకుండా తామే నిర్ణయించడం వాళ్ళ తప్పు. ఋజువు వెంటనే వస్తుంది. విష్ణువు లక్ష్మితో కలిసి తానే నడిచి గుమ్మం దగ్గరికి వస్తాడు. చూడాలని వచ్చినవాళ్ళు ద్వారం దాటకుండానే దర్శనం అయిపోయింది. కాపలా అర్థం లేనిదైపోయింది.

ఇందులో చాలామంది గమనించని ముడి ఒకటుంది. శాపం వల్ల మొదటి జన్మలో ఒకరు హిరణ్యకశిపుడయ్యాడు. లోపల గానీ బయట గానీ చావు లేకుండా వరం పొందిన అతన్ని ఏడో స్కంధంలో నరసింహుడు సభాద్వారం దగ్గరే తొడ మీద వేసుకుని చీలుస్తాడు. ద్వారం దగ్గర తప్పు చేసినవాడు ద్వారం దగ్గరే పోయాడు. మధ్యలో మూడు స్కంధాలు గడిచిపోవడం వల్ల ఈ రెంటినీ ఎవరూ కలిపి చదవరు.

దీనికి పూర్తి విలోమం కాఫ్కా రాసిన 'చట్టం ముందు' (1915) అనే చిన్న కథ. తర్వాత అది 'ది ట్రయల్' (1925)లో భాగంగా వచ్చింది. ద్వారం తెరిచే ఉంటుంది. కాపలావాడు "ఇప్పుడు వీల్లేదు" అంటాడే గానీ చెయ్యి అడ్డం పెట్టడు. పల్లెటూరి మనిషికి కూర్చోవడానికి పీట వేస్తాడు. లంచాలు కూడా పుచ్చుకుంటాడు, "ఏదో ఒక ప్రయత్నం మిగిలిపోయిందని నువ్వు అనుకోకూడదని తీసుకుంటున్నా" అంటూ. ఆ మనిషి ఏళ్ళ తరబడి చూసిచూసి కాపలావాడి బొచ్చు కాలరులోని గోమార్లను కూడా గుర్తుపట్టే స్థితికి వస్తాడు. చచ్చిపోయే ముందు తెలిసేదేమిటంటే, ఆ ద్వారం అతనొక్కడి కోసమే ఉంది, ఇక మూసేస్తారు. వైకుంఠంలో లోపలివాడే బయటికి వచ్చాడు, ఇక్కడ లోపల ఎవరైనా ఉన్నారో లేదో కూడా తేలదు. వ్యాసంలో ఈ రెండూ పోల్చేటప్పుడు "ఇద్దరూ అడ్డుకున్నారు" అని రాస్తే తప్పు. కాఫ్కా కాపలావాడు ఎవరినీ బలంగా ఆపలేదు.

ప్రశ్న: 'మాక్‌బెత్'లో హత్య జరగ్గానే తాగుబోతు కాపలావాడి హాస్యం ఎందుకు?

జవాబు: మొదటి కారణం రంగస్థలం అవసరం. రెండో అంకం రెండో రంగం చివర్లో కోట తలుపు తట్టే చప్పుడు మొదలవుతుంది. మాక్‌బెత్ చేతుల రక్తం కడుక్కుని, బట్టలు మార్చుకుని మళ్ళీ వేదిక మీదికి రావడానికి సమయం కావాలి. ఆ సమయాన్ని కాపలావాడు నింపుతాడు. రెండో కారణం మాటల్లో ఉంది. అతను తనను నరక ద్వారం కాపలావాడిగా ఊహించుకుని, ఉరేసుకున్న రైతును, రెండు నాలుకల మనిషిని, దొంగ దర్జీని ఒక్కొక్కరినీ లోపలికి ఆహ్వానిస్తాడు. ఆటలో అంటున్నాడు గానీ ఆ కోట అప్పటికే నరకం. ఆంగ్ల వ్యాసకర్త డి క్విన్సీ 1823లో ఈ చప్పుడు మీదే వ్యాసం రాశాడు. హత్య సమయంలో ఆగిపోయిన లోకం ఆ తట్టుడుతో మళ్ళీ కదలడం మొదలవుతుందని ఆయన వాదన. నాటకం వేసేవాళ్ళు కాపలావాడి రంగం కత్తిరిస్తే మొదటి కారణం దెబ్బకొడుతుంది: మాక్‌బెత్ తడి చేతులతోనే వచ్చెయ్యాలి.

ప్రశ్న: ఏడు ద్వారాల్లో ఏడు నగలు తీసేసే దేవత కథ ఏ గ్రంథంలోది? వరుస చెప్పగలరా?

జవాబు: మెసొపొటేమియాది. సుమేరు భాషలో ఇనన్న, అక్కద్ భాషలో ఇష్తార్. ఇష్తార్ పాతాళానికి దిగే కథలో వరుస ఇది: మొదటి ద్వారంలో కిరీటం, తర్వాత చెవి పోగులు, మెడలో పూసలు, రొమ్ము మీది పిన్నులు, నడుము పట్టీ, చేతుల కాళ్ళ కడియాలు, ఏడోదాంట్లో కట్టుకున్న వస్త్రం. తిరిగి వచ్చేటప్పుడు వస్త్రం మొదట, కిరీటం చివర. మొదటి ద్వారం దగ్గర "తెరవకపోతే తలుపు పగలగొట్టి, చచ్చినవాళ్ళను పైకి లేపుతా" అని బెదిరించిన దేవత, ఏడో ద్వారం దాటేసరికి ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడుతుంది.

ఆ మెసొపొటేమియా సాహిత్యంలోనే తలుపుతో మాట్లాడిన పాత్ర కూడా ఉంది. 'గిల్గమేష్' ఏడో ఫలకంలో చావు దగ్గరపడ్డ ఎన్కిడు (గిల్గమేష్ స్నేహితుడు), తాను నిప్పూరు ఆలయానికి చేయించి తెచ్చిన దేవదారు తలుపును మనిషిని తిట్టినట్టు శపిస్తాడు. దాని కొలతలు కూడా కావ్యంలోనే ఉన్నాయి: మూరల్లో చెబితే 72 ఎత్తు, 24 వెడల్పు, ఒక మూర మందం.

ప్రశ్న: 'రషోమాన్' సినిమా చూసి అకుతగవ కథ చదివితే అందులో హత్యా లేదు, నలుగురు సాక్షులూ లేరు. వేరే కథ చదివానా?

జవాబు: మీరు చదివింది సరైనదే. 1915 నాటి 'రషోమాన్' కథలో వాన, పాడుబడిన క్యోతో నగర ద్వారం, పని పోయిన సేవకుడు, పై అంతస్తులో శవాల జుట్టు పీకుతున్న ముసలమ్మ మాత్రమే ఉంటారు. సాక్ష్యాల కథ 1922 నాటి 'పొదలో'. సినిమా దర్శకుడు కురొసావా 1950లో రెంటినీ కలిపాడు, మొదటిదాని నుంచి ప్రధానంగా గేటూ వానా తీసుకున్నాడు.

ప్రశ్న: బైబిల్లో పంచాయితీలన్నీ ఊరి గవిని (ప్రధాన ద్వారం) దగ్గరే జరుగుతాయెందుకు?

జవాబు: అందరూ రాకపోకలు సాగించే చోటు అదొక్కటే, కాబట్టి సాక్షులు పిలవకుండానే దొరుకుతారు. రూతు గ్రంథం నాలుగో అధ్యాయంలో బోయజు గవిని దగ్గర కూర్చుని, కావలసిన బంధువు అటు వెళుతుంటే పిలిచి, పదిమంది పెద్దలను కూర్చోబెట్టి వ్యవహారం తేలుస్తాడు. చెప్పు తీసి ఇవ్వడంతో ఒప్పందం ఖాయం. ఇది తెలిస్తే సమ్సోను గాజా గవిని తలుపులను స్తంభాలతో, అడ్డగడియతో సహా పెకిలించి కొండ మీదికి మోసుకుపోవడం బలప్రదర్శన ఒక్కటే కాదని అర్థమవుతుంది. ఆ ఊరికి ఒక్క రాత్రిలో కోటా పోయింది, కచేరీ పోయింది.

ప్రశ్న: పెద్దింటి గేటు దగ్గర మూడు సన్నివేశాలు పెట్టి కథ రాశాను. చదివినవాళ్ళు "గేటు కళ్ళకు కట్టడం లేదు" అంటున్నారు. ఇంకా వర్ణన పెంచాలా?

జవాబు: తగ్గించండి. గేటు అలంకారాల వల్ల కనబడదు, పనిచేస్తుంటే కనబడుతుంది. 'ఇలియడ్' 12వ భాగంలో గ్రీకుల శిబిరం గేటు గురించి హోమర్ చెప్పింది ఇంతే: ఎత్తయిన జంట తలుపులు, లోపల ఒకదాని మీదికి ఒకటి వచ్చే రెండు అడ్డగడియలు, వాటిని బిగించే ఒక చీల. తర్వాత ట్రాయ్ వీరుడు హెక్టర్ బండరాయి విసురుతాడు. తలుపు తిరిగే ఇరుసులు రెండు పక్కలా విరుగుతాయి, గడియలు ఆగవు, చెక్కలు చెల్లాచెదురవుతాయి. ముందు చెప్పిన ప్రతి భాగమూ తర్వాత విరగడానికే. మీరూ మొదటి సన్నివేశంలో మూడు భాగాలకు మించి చెప్పకండి. ఆ మూడూ తర్వాత ఏదో ఒక పని చెయ్యాలి.

ఎవరు ఏ గేటున వెళతారన్నది రెండో సాధనం. చైనా నవల 'ఎర్ర మేడల కల' మూడో అధ్యాయంలో తల్లి లేని పిల్ల లిన్ దైయు మేనమామల ఇంటికి వస్తుంది. రాతి సింహాలు, మూడు ద్వారాలు, మధ్యది మూసి ఉంటుంది. పల్లకీ పడమటి పక్కగుమ్మం గుండా లోపలికి పోతుంది. ఆ ఇంట్లో ఆమె స్థానం ఎక్కడో రచయిత ఇంకో మాట చెప్పనక్కర్లేకుండా పోయింది.

మూడోది గడప మీద జరిగే చిన్న పని. 'మేఘదూతం'లో యక్షుడు తన ఇంటి ఆనవాళ్ళు చెబుతూ ఇంద్రధనుస్సులాంటి తోరణం, ద్వారం పక్కన గీసిన శంఖం, పద్మం అంటాడు. ఇవి మేఘుడికి దారి చెప్పే గుర్తులు. మనసులో నిలిచేది తర్వాతి శ్లోకాల్లో వస్తుంది: భార్య గడప మీద పెట్టిన పూలను నేల మీద పరిచి, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో లెక్కపెట్టుకోవడం. ఒక చెయ్యి, ఒక గడప, కొన్ని పూలు చాలు.

రాతప్రతుల్లో తరచూ దొర్లే తప్పులు కూడా సరిచూసుకోండి. లోపలి గడియను బయటివాడు తీసేస్తాడు. మొదటి పేజీలో లోపలికి తెరుచుకున్న గేటు ఎనిమిదో పేజీలో బయటికి తెరుచుకుంటుంది. రాత్రి తాళం వేశారని రాసి, తెల్లారేసరికి ఎవరూ తీయకుండానే పాత్ర లోపలుంటుంది. ఏనుగులు పట్టే తలుపులను ఒక్కడే నెట్టేస్తాడు. పెద్ద కోట తలుపులో మనిషి పట్టేంత దిడ్డితలుపు ఉంటుందన్న సంగతి గుర్తుంటే ఆ ఇబ్బంది రాదు. ఒక కాగితం మీద గేటు బొమ్మ గీసి, గడియ, తిరిగే వైపు, కాపలావాడు కూర్చునే చోటు గుర్తుపెట్టుకుని అప్పుడు మూడు సన్నివేశాలూ తిరగరాయండి.

ప్రశ్న: ఇవన్నీ పూర్తిగా చదివే తీరిక లేదు. ఏ భాగాలతో మొదలుపెట్టాలి?

జవాబు: కాఫ్కా కథ రెండు మూడు పేజీలే, దానితో మొదలుపెట్టండి. తర్వాత సుందరకాండ మూడు, నాలుగు సర్గలు. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' తొమ్మిది, పది అధ్యాయాలు విడిగా చదివినా అర్థమవుతాయి. డాంటేలో 'ఇన్‌ఫెర్నో' మూడు, ఎనిమిది, తొమ్మిది సర్గలు, ఆపైన 'పర్గటోరియో' తొమ్మిది. 'ఇలియడ్' ఆరో భాగంలో హెక్టర్ భార్యాబిడ్డల దగ్గర సెలవు తీసుకునేది ట్రాయ్ కోట స్కేయన్ గేటు దగ్గర. 22లో ఆ గేటు ముందే ఒంటరిగా నిలబడి, గ్రీకు వీరుడు అకిలీజ్ తరుముతుంటే మూడుసార్లు కోట చుట్టూ పరుగెడతాడు. ఈ రెండు భాగాలూ ఒకే రోజు చదవండి, మధ్యలోవి తర్వాత చూసుకోవచ్చు. అనువాదం ఏదైనా సరే, పంక్తుల సంఖ్యలు ముద్రించినది తీసుకోండి. లేకపోతే వ్యాఖ్యానం పక్కన పెట్టుకున్నా ఏ గేటు గురించి మాట్లాడుతున్నారో దొరకదు.